కట్టని ఓడలు, ఎగరని విమానాలు

మన సంఘం కార్యదర్శి నెల క్రితం ఫోన్ చేసి, "స్వర్ణోత్సవ సంచికకి నువ్వూ ఒకటి రాయాలి. ఉద్యోగ అనుభవాలు మాత్రం వద్దురా, అవి ఇప్పటికే పదకొండు వచ్చాయి" అన్నాడు. అందుకని ఉద్యోగం సంగతి పక్కన పెట్టి, ముప్ఫయ్యేళ్ళుగా నన్ను పట్టుకున్న ఒక పిచ్చి గురించి రాస్తున్నాను. ఇంజినీర్లు ఏళ్ళ తరబడి గీసి, లెక్కలు కట్టి, చివరికి తయారు కాకుండా పోయిన యంత్రాల చరిత్ర చదవడమే ఆ పిచ్చి. ముఖ్యంగా బ్రిటిష్‌వాళ్ళ యుద్ధ విమానాలు, యుద్ధనౌకలు. "తయారైన వాటి గురించి చదివితే కాస్త పనికొస్తుంది కదా" అంటుంది మా ఆవిడ. ఆమెకు ఇప్పటిదాకా సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇది చదివితే ఒప్పుకుంటుందేమో చూడాలి.

ఈ పిచ్చికి మూలం మన బళ్ళోనే ఉంది. మన లెక్కల మాస్టారు జవాబు తప్పయినా స్టెప్పులకు మార్కులు వేసేవారని అందరికీ గుర్తే. జవాబు సరిగ్గా ఉండి స్టెప్పులు లేకపోతే సున్నా వేసేవారు. అది పక్కవాడి పేపర్లోంచి దిగిన జవాబని ఆయన లెక్క. నా విషయంలో రెండుసార్లు ఆ లెక్క నిజమే.

మరొకరు సోషల్ మాస్టారు. తొమ్మిదో తరగతిలో మమ్మల్ని విశాఖపట్నం తీసుకెళ్ళారు. బీచ్ దగ్గర నిలబడి, దూరంగా కనిపించే బూడిదరంగు ఓడల్ని చూపిస్తూ విక్రాంత్ గురించి చెప్పారు. ఆ రోజు అక్కడ విక్రాంత్ లేదు. కానీ, "అది ఇంగ్లీషువాళ్ళు సగంలో వదిలేసిన ఓడరా" అన్న ముక్క నా చెవిలో ఉండిపోయింది. ఓడను సగంలో ఎలా వదిలేస్తారు? ఇల్లయితే వదిలేస్తారు, మన ఊళ్ళో అలాంటివి నాలుగు ఉన్నాయి. ఓడ కూడానా?

తర్వాత తెలిసింది, నిజంగానే వదిలేశారు. ఆ ఓడ మొదటి పేరు హెర్క్యులిస్. 1943 నవంబరులో టైన్ నది ఒడ్డున వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ షిప్‌యార్డులో పని మొదలైంది. 1945 సెప్టెంబరు 22న నీళ్ళలోకి దింపారు. అప్పటికి యుద్ధం ముగిసి మూడు వారాలయింది. మరుసటి ఏడాది మే నెలలో, దాదాపు మూడొంతుల పని పూర్తయ్యాక ఆపేసి, లంగరేసి పక్కన పెట్టారు. అలా పదేళ్ళకు పైగా పడి ఉంది. 1957లో మన ప్రభుత్వం కొని, బెల్‌ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డులో పూర్తి చేయించింది. 1961 మార్చి 4న అది విక్రాంత్ అయింది.

ఇంజినీరుగా నాకు ఆసక్తి కలిగించేది ఆ పదేళ్ళే. ఆ లోపల ఇంగ్లండులో విమానవాహక నౌకల పద్ధతే మారిపోయింది. విమానం దిగే దారిని ఓడ నడిమి గీతకు కాస్త ఏటవాలుగా తిప్పారు. దిగేటప్పుడు తీగ తప్పితే ముందున్న విమానాల్ని గుద్దకుండా మళ్ళీ పైకి లేచిపోవచ్చు. విమానాన్ని ఆవిరి బలంతో విసిరే కెటపల్ట్ వచ్చింది. పైలట్‌కు దిగే కోణం చూపే అద్దం వచ్చింది. హెర్క్యులిస్‌ను 1946లోనే పూర్తిచేసి ఉంటే ఇవేవీ ఉండేవి కావు. ఆగిపోవడం వల్ల మనకొచ్చిన ఓడ మెరుగైంది. 1971 డిసెంబరులో ఒక బాయిలరు సరిగా లేకపోయినా, దాని మీదినుంచే సీ హాక్ విమానాలు లేచి కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన ఘాజీ జలాంతర్గామి విశాఖ ఎదుటే మునిగింది.

ఓడలు కాగితం మీదే ఆగిపోవడం అంతకు ముందూ ఉంది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక బ్రిటిష్ నౌకాదళం జీ3 అనే పేరుతో నాలుగు మహా యుద్ధనౌకలు గీయించింది. ఒక్కొక్కటి 48,400 టన్నులు, 32 నాట్ల వేగం, 16 అంగుళాల ఫిరంగులు తొమ్మిది. ఆ ఫిరంగుల్ని మూడు గోపురాల్లో పెట్టి, మూడింటినీ ఇంజన్లకు ముందుభాగంలోనే అమర్చారు. చూడ్డానికి వికారంగా ఉంటుంది. కానీ లెక్క స్పష్టం. ఫిరంగులన్నీ దగ్గర దగ్గరగా ఉంటే కప్పాల్సిన పొడవు తగ్గుతుంది, అంతే బరువుతో మందమైన కవచం వేసుకోవచ్చు. 1921 అక్టోబరులో ఆర్డరిచ్చారు, నవంబరులో ఆపమన్నారు. వాషింగ్టన్ సమావేశంలో పెద్ద దేశాలన్నీ యుద్ధనౌక 35,000 టన్నులు మించకూడదని ఒప్పందానికి వచ్చాయి. దాంతో అవి రద్దయ్యాయి. కానీ ఆ లెక్కలు పోలేదు. అదే అమరికను 35,000 టన్నుల్లోకి కుదించి, వేగాన్ని 23 నాట్లకు తగ్గించి నెల్సన్, రాడ్నీ అనే రెండు ఓడలు కట్టారు. నావికులు వాటిని చెర్రీ చెట్లు అని ఎగతాళి చేసేవారు. అమెరికా మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికిన కథ మన ఇంగ్లీషు వాచకాల్లో ఉండేది కదా, ఇవీ వాషింగ్టన్ నరికినవే అని. 1941 మే 27న జర్మన్ల బిస్మార్క్‌ను ఛిద్రం చేసింది ఆ రాడ్నీ ఫిరంగులే.

ఇంతవరకూ స్టెప్పులకు మార్కులు పడ్డ కథలు. పడనిది ఇప్పుడు చెప్తాను.

1943లో బ్రిటన్ ప్రభుత్వం రెడింగ్ దగ్గర వుడ్లీలో ఉన్న మైల్స్ అనే చిన్న విమాన కంపెనీకి రహస్యంగా ఒక పని అప్పజెప్పింది. 36,000 అడుగుల ఎత్తున గంటకు 1,000 మైళ్ళ వేగంతో ఎగిరే విమానం కావాలి. ఆ సంఖ్య ఎంత సాహసమో తెలియాలంటే ఒక్క మాట చాలు. రెండేళ్ళ తర్వాత, 1945 నవంబరులో మీటియర్ జెట్ నెలకొల్పిన ప్రపంచ రికార్డు 606 మైళ్ళే. జర్మన్ల గురించి వచ్చిన గూఢచారి నివేదికలో గంటకు 1,000 కిలోమీటర్లు అని ఉన్నదాన్ని ఎవరో మైళ్ళుగా చదివారని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, యూనిట్లు రాయని పిల్లలకు చెప్పడానికి మాత్రం మంచి కథ.

ఆ విమానం పేరు ఎం.52. డెనిస్ బాన్‌క్రాఫ్ట్ అనే ఇంజినీరు బృందం దాన్ని గీసింది. తుపాకి గుండులాంటి శరీరం, మొన శంఖులా ఉంటుంది. పైలట్ కూర్చునేది ఆ మొనలోనే. ప్రమాదం వస్తే ఆ గది మొత్తం మందుగుండుతో విడిపోయి బయటపడేలా చేశారు. రెక్కలు బ్లేడులా పల్చన. అలాంటి రెక్కను ఒక పాత చెక్క విమానానికి తగిలించి ఎగరేసి చూశారు, దానికి అందరూ జిల్లెట్ ఫాల్కన్ అని పేరుపెట్టారు. ఇంజను ఫ్రాంక్ విటిల్‌ది.

అసలు విశేషం తోకలో ఉంది. మామూలు విమానానికి అడ్డతోక కదలదు, దాని చివర తలుపులా బిగించిన రేకు మాత్రం పైకీ కిందికీ కదులుతుంది. ధ్వని వేగం దగ్గరపడితే ఆ కీలు దగ్గరే గాలి అలలు గోడలా పేరుకుపోయి, రేకు ఎంత కదిపినా విమానం మాట వినదు. అప్పట్లో చాలామంది పైలట్లు అలాగే నేలకు గుద్దుకుని చనిపోయారు. మైల్స్‌వాళ్ళు ఆ కీలునే తీసేసి, అడ్డతోక మొత్తాన్ని కదిలేటట్టు చేశారు. ఈ రోజు ధ్వని వేగాన్ని మించే యుద్ధ విమానాల్లో తోక ఉన్నవాటికి దాదాపు అన్నిటికీ ఇదే పద్ధతి.

నడపాల్సింది ఎరిక్ బ్రౌన్ అనే నౌకాదళ పైలట్. డిజైను దాదాపు పూర్తయింది, మొదటి విమానం తయారవుతోంది. 1946 ఫిబ్రవరిలో రద్దు చేశారు. ఆ నిర్ణయం వెనక ఉన్నది ప్రభుత్వ శాస్త్ర పరిశోధన డైరెక్టరు సర్ బెన్ లాక్‌స్పైసర్. ఇంత ప్రమాదంలోకి పైలట్లను పంపలేమనేది బయటికి చెప్పిన కారణం. మనుషుల బదులు రాకెట్టుతో నడిచే చిన్న నమూనాల్ని విమానంలోంచి జారవిడిచి పరీక్షించాలన్నారు. మరుసటి ఏడాది 1947 అక్టోబరు 14న అమెరికాలో చక్ యేగర్ బెల్ ఎక్స్-1లో ధ్వని వేగాన్ని దాటాడు. దానికి ముందు ఒక ప్రయత్నంలో ఆయనకూ తోక రేకు పనిచేయడం మానేసింది. అడ్డతోక మొత్తం కోణాన్ని మార్చే ఏర్పాటు ఆ విమానంలో ఉంది కాబట్టి బతికి, గెలిచాడు. 1944లో బెల్ కంపెనీవాళ్ళు మైల్స్‌కు వచ్చి ఈ సమాచారం తీసుకెళ్ళారని బ్రిటిష్‌వాళ్ళు అంటారు. మా ఆలోచన మాదేనని అమెరికన్లు అంటారు. ఈ తగువు ఇప్పటికీ తెగలేదు.

మరి ఆ నమూనాలు? 1948 అక్టోబరులో ఒకటి ధ్వని వేగానికి 1.38 రెట్లు అందుకుంది. డిజైను సరైనదని అప్పుడు తేలింది. ఆ తర్వాత సముద్రంలోకి దిగమని రేడియోలో చెప్తే వినకుండా, అట్లాంటిక్ వైపు అలా ఎగిరిపోతూ రాడార్‌లో కనిపించిందట. ఆ తర్వాత కార్యక్రమాన్నే మూసేశారు. అప్పటికే మైల్స్ కంపెనీ దివాళా తీసింది. నా దృష్టిలో ఇది తప్పు నిర్ణయం. డబ్బు లేదని ఆపి ఉంటే అర్థం చేసుకునేవాణ్ణి. భయపడి ఆపి, ఆ భయానికి జాలి అని పేరుపెట్టడం నాకు నచ్చదు. ఎగరాల్సిన మనిషి సిద్ధంగానే ఉన్నాడు మరి.

1997లో కంపెనీ పని మీద ఇంగ్లండు వెళ్ళాను. ఒక ఆదివారం కేంబ్రిడ్జి దగ్గర డక్స్‌ఫర్డ్‌లోని విమాన మ్యూజియం చూడబోయాను. అక్కడ తెల్లగా, పొడుగ్గా, కొంగలా ఎత్తైన కాళ్ళ మీద నిలబడి ఉంది టీఎస్ఆర్-2. అది ఎన్నడూ ఎగరని విమానం. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు, మధ్యాహ్నం బస్సు మాత్రం తప్పింది.

దాని కథ ఇది. 1957లో బ్రిటన్ రక్షణమంత్రి డంకన్ శాండిస్, ఇక క్షిపణులదే రాజ్యమని, మనిషి నడిపే యుద్ధ విమానాలకు కాలం చెల్లినట్టేనని తేల్చి చాలా డిజైన్లు రద్దు చేశాడు. బతికి బయటపడ్డ కొద్దివాటిలో ఇదొకటి. అందుకే కోరికలన్నీ దీని మీదే రుద్దారు. నేలకు 200 అడుగుల ఎత్తున ధ్వనిని మించిన వేగంతో వెళ్ళాలి, పైన రెండు రెట్ల వేగం అందుకోవాలి, వెయ్యి నాటికల్ మైళ్ళు వెళ్ళి తిరిగి రావాలి, పొట్టి గరుకు రన్‌వే మీద దిగాలి, ముందున్న కొండల్ని తానే చూసుకుని తప్పించుకోవాలి. ఇద్దరు ప్రత్యర్థి కంపెనీల్ని కలిపి పని ఇచ్చారు. కమిటీల మీద కమిటీలు. మన పెళ్ళిళ్ళలో వంటవాడి దగ్గరికి పదిమంది పెద్దలొచ్చి తలో మాట చెప్పినట్టు.

ఇంజను ఒలింపస్. 1962 డిసెంబరులో ఫిల్టన్‌లో వల్కన్ బాంబరు కింద తగిలించి నేల మీద పరీక్షిస్తుండగా పేలిపోయింది. బాంబరుతోబాటు పక్కనున్న ఫైరింజను కూడా కాలిపోయింది. లోపలి షాఫ్టు ఒక వేగం దగ్గర గంటలా మోగి విరిగిపోతోందని తర్వాత కనుక్కున్నారు. ఆ లోపం పూర్తిగా తీరకముందే, 1964 సెప్టెంబరు 27న బాస్కంబ్ డౌన్‌లో రోలండ్ బీమాంట్, డాన్ బోవెన్ దాన్ని మొదటిసారి ఎగరేశారు. చక్రాలు లోపలికి మడవడం పదో ప్రయాణానికి గానీ కుదరలేదు. దిగేటప్పుడు విమానం అడ్డంగా వణికేది. కానీ ఎగురుతున్నప్పుడు అద్భుతమని బీమాంట్ చెప్పాడు. పద్నాలుగో ప్రయాణంలో, 1965 ఫిబ్రవరిలో, ఒక్క ఇంజనుకే ఆఫ్టర్‌బర్నర్ వేసి ధ్వని వేగాన్ని దాటింది. వెంట వస్తున్న లైట్నింగ్ యుద్ధ విమానం రెండు బర్నర్లూ వేసుకుని దాన్ని అందుకోవాల్సి వచ్చింది.

అంతే. మొత్తం 24 ప్రయాణాలు, 13 గంటల పైచిలుకు. 1965 ఏప్రిల్ 6న ఆర్థికమంత్రి జేమ్స్ కాలహాన్ బడ్జెటు ప్రసంగం మధ్యలో రద్దు చేస్తున్నట్టు ప్రకటించాడు. రెండో విమానం మొదటిసారి ఎగరాల్సింది ఆ రోజే. పనివాళ్ళలో చాలామందికి ఆ సంగతి వార్తల్లోనే తెలిసింది. ఏ కొత్త విమానానికైనా పొడవు, వెడల్పు, ఎత్తుతోబాటు రాజకీయమనే నాలుగో కొలత ఉంటుందని, టీఎస్ఆర్-2కి మొదటి మూడే సరిగ్గా కుదిరాయని సిడ్నీ కామ్ అన్నాడని చెప్తారు. ఆయన హరికేన్ విమానాన్ని గీసినవాడు.

రద్దు తప్పా? ఇంగ్లీషు అభిమానులు ఈ మాటకు కొట్టుకుంటారు. నేను తప్పనలేను. ఖర్చు చేయి దాటిపోయింది, ఆస్ట్రేలియా 1963లోనే అమెరికా ఎఫ్-111కి ఓటేసింది, ఇంకెవరూ కొనలేదు. కానీ ఆ తర్వాత చేసింది మాత్రం క్షమించలేను. విమానం భాగాల్ని పట్టి నిలిపే ఉక్కు చట్రాల్ని, జిగ్‌లంటాం, కోసిపారేశారు. తయారీలో ఉన్న విమానాల్ని తుక్కు చేశారు. ఎగిరిన ఆ ఒక్క విమానాన్ని షూబరీనెస్‌కు తీసుకెళ్ళి, తూటాలు తగిలితే ఏమవుతుందో చూడ్డానికి గురిగా నిలబెట్టారు. మళ్ళీ ఎవరూ మనసు మార్చుకోకూడదన్నట్టు. తప్పించుకున్నది ఒలింపస్ ఇంజను. దాని లెక్కలన్నీ కాంకార్డ్‌లోకి వెళ్ళాయి, 1976 నుంచి 2003 దాకా ప్రయాణికుల్ని మోశాయి.

ఇక్కడ కార్యదర్శి మాట ఒక్క పేరా తప్పుతాను. 2001లో మా బృందం మూడేళ్ళు పనిచేసిన ఒక పెద్ద కంప్రెసర్ డిజైను ఆపేశారు. ఆపడంలో న్యాయముంది, కొనేవాడు వెనక్కి తగ్గాడు. వారం తర్వాత ర్యాకులు ఖాళీ చెయ్యమన్నారు. మా డ్రాయింగులు, టెస్టు రిపోర్టులు పాత పేపర్లవాడి త్రాసులో తూగాయి. అడ్డం పడాల్సింది, పడలేదు. అప్పటికి పిల్లల ఫీజులు, ఇంటి అప్పు. 2008లో దాదాపు అదే యంత్రం మళ్ళీ కావాల్సొచ్చింది. షాఫ్టు ఏ వేగం దగ్గర వణుకుతుందో మేం ఏడాదిన్నర కష్టపడి కనుక్కున్నది ఎవరికీ గుర్తులేదు, నాకూ సహా. మళ్ళీ ఏడాది పట్టింది. డక్స్‌ఫర్డ్‌లో చూసిన ఆ తెల్ల విమానం అప్పుడు నాకు మళ్ళీ కళ్ళముందుకొచ్చింది.

టీఎస్ఆర్-2 కథకు కొసమెరుపు నౌకాదళంలో ఉంది. దాన్ని ఆపి, దాని బదులు అమెరికా నుంచి 50 ఎఫ్-111లు కొంటామన్నారు. అప్పటికి నౌకాదళం సీవీఏ-01 అనే 50,000 టన్నులు దాటిన విమానవాహక నౌకను గీసుకుని సిద్ధంగా ఉంది. ఎఫ్-111లు దీవుల మీది స్థావరాల నుంచి ఎగురుతాయి, ఇక ఓడ ఎందుకని వైమానికదళం వాదించింది. తమ విమానాలు అన్నిచోట్లకీ అందుతాయని చూపడానికి పటంలో ఆస్ట్రేలియానే కొన్ని వందల మైళ్ళు జరిపారని నావికులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1966 ఫిబ్రవరిలో రక్షణమంత్రి డెనిస్ హీలీ ఆ ఓడను రద్దు చేశాడు. నౌకాదళ మంత్రి క్రిస్టఫర్ మేహ్యూ, దళాధిపతి అడ్మిరల్ డేవిడ్ లూస్ రాజీనామా చేశారు. 1968 జనవరిలో డబ్బు లేదని ఆ ఎఫ్-111లనూ రద్దు చేశారు. విమానం పోయింది, దాని బదులు విమానమని ఓడ పోయింది, ఆఖరికి ఆ బదులు విమానమూ పోయింది. చివరికి వైమానికదళం ఎక్కింది నౌకాదళం కోసం చేసిన బకనీర్ విమానాన్ని. అంతకు ముందు వాళ్ళు ముఖం తిప్పుకున్నది దాన్నుంచే.

పెద్ద ఓడ రాలేదు కాబట్టి పాతవాటితోనే నెట్టుకొచ్చారు. వాటిలో ఒకటి హెర్మీస్. 1944లో మొదలై, యుద్ధం తర్వాత నత్తనడకన సాగి, 1959లో పూర్తయింది. దాని మీద ఎగిరిన హారియర్‌కీ ఇలాంటి కథే ఉంది. ధ్వని వేగాన్ని మించి, నిలువుగా లేచే పి.1154 అనే విమానాన్ని 1965 ఫిబ్రవరిలో రద్దు చేస్తే, దాని చిన్న అన్నలాంటి పి.1127 మిగిలి హారియర్ అయింది. ఆ రెండూ కలిసి 1982లో ఫాక్లండ్స్ యుద్ధంలో నిలబడ్డాయి. ఆ హెర్మీస్‌నే మనం కొన్నాం. 1987 మే 12న విరాట్ అయింది, 2017 మార్చి దాకా ముప్ఫయ్యేళ్ళు పనిచేసింది. సీవీఏ-01 కట్టి ఉంటే మనకు విరాట్ దొరికేదా అని అప్పుడప్పుడు అనుకుంటాను.

రిటైరయ్యాక విరాట్‌ను విశాఖకు తెచ్చి మ్యూజియం, హోటలుగా చేద్దామని మన రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించింది. ఖర్చు దగ్గర అది ఆగిపోయింది. 2020 సెప్టెంబరులో ఓడ గుజరాత్‌లోని అలంగ్ తుక్కు యార్డుకు చేరింది. ఆ సోషల్ మాస్టారికి ఫోన్ చేసి చెప్తే, కాసేపు మాట్లాడకుండా ఉండి, "మనమూ సగంలో వదిలేశామన్నమాట" అన్నారు.

ఇప్పుడు అసలు పని. మన పాత బ్లాకు డాబా మీద, మెట్ల గది పక్కన, స్తంభాల్లోంచి పైకి వచ్చిన ఇనుప చువ్వలు గుర్తున్నాయా? వాటికి తాడు కట్టి జెండా పండుగ తోరణాలు వేలాడదీసేవాళ్ళం. పై అంతస్తులో సైన్సు ల్యాబు, లైబ్రరీ కట్టాలని వదిలిన చువ్వలవి. మేం ఎనిమిదో తరగతిలో ఉండగా హెడ్మాస్టరు గారి గదిలో బల్ల మీద పరిచిన నీలం ప్లాను కాగితం నా కళ్ళతో చూశాను. మొన్న జనవరిలో వెళ్ళి చూస్తే చువ్వలు తుప్పు పట్టి పొరలు రాలుతున్నాయి. ప్లాను మాత్రం బీరువాలో లేదు. సంఘం ఇప్పుడు ఆ పై అంతస్తు కట్టించే ఆలోచనలో ఉంది. పునాది ఎంత లోతు, ఎంత వెడల్పు, ఎంత బరువుకు లెక్క కట్టారన్నది ఆ కాగితంలోనే ఉంటుంది. అది దొరక్కపోతే పునాది పక్కన తవ్వి చూడాలి, లేకపోతే పాత బ్లాకు జోలికి పోకుండా పక్కన కొత్తగా కట్టుకోవాలి. ఎవరింట్లోనైనా, రిటైరైన మాస్టార్ల ట్రంకుపెట్టెలోనైనా ఆ నీలం కాగితం ఉంటే, చిరిగిపోయి ఉన్నా ఫర్వాలేదు, దయచేసి సంఘం ఆఫీసుకు చేర్చండి. వచ్చి తీసుకెళ్ళమన్నా సరే, నేనే వస్తాను.